పల్నాటి కథకు ఎన్ని ప్రతులు?

పల్నాటి వీరుల కథకు ఇవాళ ఎన్ని ప్రతులున్నాయి? అవి ఎవరి దగ్గర ఉన్నాయి? కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్య నాడు మొదలై అయిదు రోజులు సాగే వీరారాధన ఉత్సవాల్లో ఈ ప్రశ్నకు సగం జవాబు ఉంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ రోజుకో ఘట్టం నడిచే ఆ అయిదు రోజులకూ ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో కొణతాలనే ఆయుధాలు పట్టుకుని వస్తారు. ఎవరి ఆయుధం వాళ్ల దగ్గరే ఉంటుంది. ఏడాదికోసారి నాగులేటి ఒడ్డున అన్నీ కలుస్తాయి. కథ సంగతీ అంతే. శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద కావ్యంలో మనకు దక్కింది కొంత భాగమే, అందులో ముఖ్యమైనది బాలచంద్రుడి యుద్ధం. అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరులు 1911లో అచ్చు వేయించకపోతే ఆ కాస్తా ఏ అటక మీద చెదలు పట్టేదో. మహాకవి పేరున్న తాటాకులకు అంత గండం వస్తే, ఊరూరా వీరవిద్యావంతులు పాడుకుంటూ వచ్చిన కథ మాత్రం మొదటి నుంచి చివరిదాకా నిలిచింది. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ 1970లలో ఈ పాటను రికార్డు చేసి, ఇంగ్లిష్‌లోకి మార్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తేగలిగాడంటే అది ఆ గొంతుల చలవే.

మిగతా సగం జవాబు కంప్యూటర్లలో ఉంది. అక్కడ పరిస్థితి అంత ధీమాగా లేదు. పాత తెలుగు పుస్తకం కావాలంటే పదిహేనేళ్ల కిందట అందరూ వెళ్లింది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు. చిత్తూరు జిల్లాలో పుట్టి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాజ్‌రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో అది భారతీయ భాగం. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల్లో లక్షల పుస్తకాలు స్కానయ్యాయి. తర్వాత కాపీరైట్ అభ్యంతరాలు వచ్చాయి, సర్వర్లు మూగబోయాయి. అంత శ్రమా గాలికి పోకుండా ఆపింది ప్రభుత్వం కాదు. అప్పటికే కొందరు ఆ ఫైళ్లను కాపీ చేసిపెట్టుకున్నారు. కార్ల్ మలమూద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ 2017లో నాలుగున్నర లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించింది. ఇవాళ తెలుగు పరిశోధక విద్యార్థి తెరిచే పాత పుస్తకాల్లో చాలా భాగం కాలిఫోర్నియాలోని ఆ ఆర్కైవ్ సంస్థ ఒక్కదాని దయ. ఆ సంస్థ మీద 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగింది. మూడు కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటకు పొక్కాయి, సైటు రోజుల తరబడి తెరుచుకోలేదు. పుస్తకాలు పోలేదు, నిజమే. కానీ ఒక భాష అచ్చు చరిత్రకు ఒకే తలుపు ఉందని, దాని తాళం మన చేతుల్లో లేదని ఆ రోజుల్లో తేలిపోయింది.

ఈ చిక్కుకు కంప్యూటర్ రంగం పాతికేళ్ల కిందటే ఒక పరిష్కారం కనిపెట్టింది. మధ్యలో పెద్ద సర్వర్ అక్కర్లేకుండా, వాడేవాళ్ల కంప్యూటర్లే ఒకదానికొకటి ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అది. పీర్ టు పీర్ అన్నారు. 1999లో వచ్చిన నాప్‌స్టర్‌లో పాటలు జనం దగ్గరే ఉన్నా, ఏ పాట ఎవరి దగ్గరుందో చెప్పే జాబితా మాత్రం కంపెనీ దగ్గర ఉండేది. కోర్టు ఆ జాబితా మీద చెయ్యి వేయగానే 2001లో మొత్తం ఆగిపోయింది. అదే ఏడాది బ్రామ్ కోహెన్ రాసిన బిట్‌టొరెంట్ ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. ఫైలును ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్కకూ గణితం ద్వారా ఒక వేలిముద్ర తీస్తుంది, సాంకేతికంగా హాష్ అంటారు. ముక్కలో ఒక్క అక్షరం మారినా వేలిముద్ర మారిపోతుంది. కాబట్టి ముక్కలు ముక్కూమొహం తెలియని వందమంది నుంచి వచ్చినా ఎవరినీ నమ్మాల్సిన పని లేదు, వేలిముద్ర సరిపోలితే చాలు. తీసుకునేవాడు తీసుకుంటూనే తన దగ్గరకు చేరిన ముక్కలను ఇంకొకరికి ఇస్తుంటాడు. అడిగేవాళ్లు పెరిగితే మామూలు సర్వర్ కుంటుపడుతుంది, టొరెంటు మాత్రం వేగం పుంజుకుంటుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా 2012 నుంచి తన దగ్గరున్న వస్తువులకు టొరెంటు లింకు ఇస్తోంది. పుస్తకం పక్కన ఆ లింకును చూసి నొక్కకుండా వదిలేసేవాళ్లమే మనలో ఎక్కువ.

టొరెంటు మాటెత్తగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది దొంగ సినిమా. ఆ చెడ్డపేరుకు ఆధారం లేకపోలేదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ సగానికి పైగా విడుదలకు ముందే బయటికొచ్చింది. నిర్మాతలు హడావుడిగా 27వ తేదీన సినిమాను థియేటర్లకు తేవాల్సి వచ్చింది. అయితే ఆ కేసులో తీగ లాగితే కదిలిన డొంక కృష్ణా జిల్లా పెడనలో అమ్మిన సీడీలది, నిర్మాణ పనిలో ఉన్నవాళ్ల చేతివాటానిది. ఇంటి దొంగ తీసినదాన్ని నెట్టు మోసింది. అంతకు ఏడాది ముందు జరిగినదాన్ని మనం మరిచిపోయాం. ‘దమ్ము’, తమిళ ‘3’ సినిమాల కోసం మద్రాసు హైకోర్టులో తెచ్చుకున్న ఉత్తర్వును పట్టుకుని, 2012 మేలో ఇంటర్నెట్ కంపెనీలు టొరెంటు సైట్లతో పాటు విమియో లాంటి చట్టబద్ధమైన వీడియో సైట్లను కూడా దేశమంతా మూసేశాయి. సైటును మొత్తంగా కాదు, తప్పున్న పేజీని మాత్రమే ఆపాలని జూన్‌లో కోర్టు స్పష్టం చేయాల్సి వచ్చింది. పైరసీ వల్ల నిర్మాతకు నష్టమే. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి మూడేళ్ల దాకా జైలు, సినిమా ఖర్చులో అయిదు శాతం దాకా జరిమానా పెట్టడంలో తప్పుపట్టాల్సిందీ లేదు. కానీ ఇవాళ్టి తెలుగు సినిమా పైరసీ చాలావరకు టొరెంటును వదిలేసి, మామూలు సర్వర్ల నుంచి నేరుగా ఫోనులో ఆడే సైట్లకు మారిపోయింది. పంపకం పద్ధతి మారినా దొంగతనం ఆగలేదు. కాబట్టి నేరాన్ని పద్ధతికి అంటగట్టి పద్ధతినే వెలివేయడం కుదరదు.

పీర్ టు పీర్‌కు అసలు జబ్బు వేరే ఉంది. తీసుకున్నవాడు తిరిగి ఇవ్వడు. 2000లో అడార్, హుబర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు నుటెల్లా అనే నెట్‌వర్కును పరిశీలిస్తే, వాడేవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలూ పంచుకోవడం లేదని తేలింది. బిట్‌టొరెంట్ ఇచ్చేవాడికే ముందు దక్కేలా నియమం పెట్టి ఈ రోగాన్ని కొంత తగ్గించింది, అదీ ఫైలు దిగుతున్నంతసేపే. దిగాక కిటికీ మూసేసి వెళ్లిపోయేవాణ్ని ఆపే నియమం లేదు. మన దగ్గర దానికి ఆర్థిక కారణమూ ఉండేది. బీఎస్‌ఎన్‌ఎల్ ఇంటి ప్లాన్లలో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకానే లెక్కలేని డేటా దొరికిన రోజుల్లో, తెల్లారాక కూడా సీడింగ్ చేయడమంటే, అంటే దిగిన ఫైలును ఇతరులకు ఇస్తూ ఉండటమంటే, జేబులోంచి బిల్లు కట్టడమే. అందువల్ల కొత్త సినిమాకు వేలమంది సీడర్లు ఉంటారు, అరుదైన పాత పుస్తకానికి సున్నా. టొరెంటు లింకు బతికే ఉంటుంది, దాని వెనక ఫైలు ఇచ్చే నాథుడు ఉండడు. పంపకానికి ఇంత గొప్ప పద్ధతి నిల్వకు ఇంత బలహీనం కావడం దీని పుట్టుకలోనే ఉంది. అడిగేవాళ్లుంటేనే అది బతుకుతుంది, భద్రపరచాల్సిన వస్తువులను మాత్రం అడిగేవాళ్లు తక్కువ.

బ్లాక్‌చెయిన్ వైపు మళ్లింపు ఇక్కడ మొదలైంది. సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వచ్చిన బిట్‌కాయిన్ పత్రం తనను తాను పీర్ టు పీర్ నగదు అనే పిలుచుకుంది. నడిబొడ్డున ఒక తల ఉన్న నాప్‌స్టర్‌ను ప్రభుత్వాలు నరికేయగలిగాయని, తల లేని నుటెల్లా లాంటివి నిలబడ్డాయని ఆ రచయిత అప్పటి చర్చల్లో రాశాడు. అంటే దారి ఫైళ్ల పంపకం నుంచే వచ్చింది. తేడా ఒక్కటే: ఇక్కడ అందరి దగ్గరా ఉండేది పద్దులు గొలుసులా అల్లుకున్న ఒక లెక్కల పుస్తకం ప్రతి, అదే బ్లాక్‌చెయిన్; దాన్ని కాపాడేవాడికి కూలి నాణేల రూపంలో అందుతుంది. ఆ కూలినే ఫైళ్లకు వర్తింపజేస్తే సీడర్ల కరువు తీరుతుంది కదా అన్న ఆలోచన సహజంగానే వచ్చింది. హువాన్ బెనెట్ 2015లో ఐపీఎఫ్‌ఎస్ అనే పద్ధతిని తెచ్చాడు. అందులో ఫైలుకు చిరునామా అది ఉన్న చోటును బట్టి కాక, దాని వేలిముద్రను బట్టి ఉంటుంది. దాని మీద కట్టిన ఫైల్‌కాయిన్ 2017లో 25 కోట్ల డాలర్లకు పైగా సమీకరించి 2020 అక్టోబరులో నడక మొదలుపెట్టింది. బిట్‌టొరెంట్ కంపెనీనే 2018లో ట్రాన్ అనే క్రిప్టో సంస్థ అధిపతి జస్టిన్ సన్ కొనేసి, మరుసటి ఏడాది జనవరిలో దాని పేరు మీద టోకెన్, అంటే ఒక డిజిటల్ నాణెం, తెచ్చాడు. అమ్మకానికి పెట్టిన నిమిషాల్లోనే అది అయిపోయింది. 2023 మార్చిలో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఆయన మీద, బిట్‌టొరెంట్ మీద కూడా అనుమతి లేని సెక్యూరిటీల అమ్మకమంటూ కేసు వేసింది. టోకెన్ కొన్నవాళ్లలో ఎందరు ఒక్క పుస్తకాన్నైనా సీడ్ చేశారో అడిగే ఆసక్తి ఎవరికీ లేకపోయింది.

అలాగని ఫైల్‌కాయిన్‌ను ఆ గాటన కట్టేయడం న్యాయం కాదు. అందులో నిజమైన ఇంజినీరింగ్ ఉంది. దాచుతానని చెప్పినవాడు నిజంగా దాస్తున్నాడో లేదో ప్రతిరోజూ గణితంతో రుజువు చూపాలి, చూపలేకపోతే ధరావతు కోతపడుతుంది. తీసుకుని పారిపోయేవాణ్ని పట్టుకునే యంత్రాంగం పీర్ టు పీర్ చరిత్రలో అంత పకడ్బందీగా అంతకుముందు రాలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా తన సేకరణల్లో కొన్నింటిని అందులో దాచే ప్రయత్నం చేసింది. కానీ ఆ ఒప్పందాలకు గడువు ఉంటుంది. మొదట్లో కనీసం 180 రోజులు, గరిష్ఠంగా 540 రోజులు. గడువు తీరేలోగా ఎవరో ఒకరు మళ్లీ ఒప్పందం రాసుకోవాలి, మళ్లీ చెల్లించాలి. పల్నాటి కథ నిలిచింది శతాబ్దాలు. దాన్ని గడువు తీరినప్పుడల్లా పునరుద్ధరించాల్సిన కౌలుకు అప్పగిస్తే, కౌలు కట్టే మనిషి ఉన్నంతకాలమే అది ఉంటుంది. సీడర్ వెళ్లిపోతాడన్న భయం పోయి, డబ్బు కట్టేవాడు వెళ్లిపోతాడన్న భయం వచ్చింది. ఒక్కసారి చెల్లిస్తే శాశ్వతంగా దాస్తామనే ఆర్వీవ్ లాంటి సంస్థలూ ఉన్నాయి. నిల్వ ఖర్చు ముందు ముందు తగ్గుతూనే ఉంటుందన్న అంచనా మీద కట్టిన శాశ్వతత్వం అది. ఇక మన చట్టం సంగతి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఆ జూలై నుంచి లావాదేవీ మీద ఒక శాతం టీడీఎస్. పల్నాడులోని ఓ గ్రంథాలయం తన డిస్కులో ఖాళీ చోటును అద్దెకిచ్చి నాణేలు సంపాదిస్తే, పుస్తకాలకన్నా ముందు ఆడిటర్‌ను వెతుక్కోవాలి.

బ్లాక్‌చెయిన్ మీద ఎక్కిందంటే చెరగదు అన్న నమ్మకం మన రాష్ట్రంలో చాలా దూరం వెళ్లింది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి. చెరగనిది పద్దు, వస్తువు కాదు. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి కూలినప్పుడు, అక్కడ కొన్న డిజిటల్ బొమ్మల యాజమాన్యపు పద్దు గొలుసులో భద్రంగానే ఉంది. బొమ్మ వివరాలు మాత్రం ఆ కంపెనీ సొంత సర్వర్‌లో ఉండటంతో లింకు నొక్కితే దివాలా నోటీసు పేజీ తెరుచుకుంది. రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం రాజధాని అమరావతి భూముల రికార్డులను స్వీడన్‌కు చెందిన క్రోమావే, హైదరాబాద్‌కు చెందిన జెబీ సంస్థలతో కలిసి బ్లాక్‌చెయిన్‌కు ఎక్కించే ప్రయోగాలు చేసింది. అక్కడ భూమి సమీకరణ కొత్తగా జరిగింది, ప్లాట్లు కొత్తగా గీశారు, తొలి పద్దు శుభ్రంగా మొదలైంది. కారంపూడి మెట్ట పొలాల సంగతి అలా కాదు. అడంగల్‌లో ఒక పేరు, అనుభవంలో ఇంకొకరు, సర్వే నంబరు ఒకచోట, గట్టు ఒకచోట ఉన్న రైతు సమస్య రికార్డును ఎవరో తర్వాత మార్చేశారన్నది మాత్రమే కాదు, మొదటే తప్పుగా రాశారన్నది. తప్పును గొలుసుకు ఎక్కిస్తే అది చెరగని తప్పవుతుంది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన భూ హక్కుల చట్టం మీద అంత అలజడి రేగి, 2024లో అది రద్దయ్యేదాకా వెళ్లడంలో రాజకీయం ఎంతున్నా, తొలి పద్దు రాసే అధికారం ఎవరిది, దాని మీద అప్పీలు ఎక్కడ అన్న భయం కూడా ఉంది. ఆ భయానికి సాంకేతికత దగ్గర మందు లేదు. తెలంగాణ చీటీల రిజిస్ట్రేషన్‌కు తెచ్చిన టీ-చిట్స్ లాంటి చోట, అంటే పద్దు పుట్టడమే కంప్యూటర్లో పుట్టే చోట, బ్లాక్‌చెయిన్‌కు అర్థముంది.

మరి డబ్బు లేకుండా ఎవరు దాస్తారు, ఉచిత సేవ మీద నాగరికతలు నిలవవు కదా అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. జవాబు కూడా 1999లోనే, నాప్‌స్టర్ పుట్టిన ఏడాదే పుట్టింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం మొదలుపెట్టిన లాక్స్ అనే పథకంలో గ్రంథాలయాలు ఒకే పత్రికల ప్రతులను విడివిడిగా దాచుకుంటాయి. వాటి కంప్యూటర్లు అప్పుడప్పుడూ ఒకదాని వేలిముద్రను ఒకటి అడిగి పోల్చుకుంటాయి. ఎవరి ప్రతైనా పాడైందని తేలితే మిగతావాళ్ల నుంచి బాగుచేసుకుంటుంది. నాణెం లేదు, టోకెన్ లేదు. ఎందుకు దాస్తున్నాయంటే, దాయడం వాటి ఉద్యోగం కనుక. నా వాదన ఇక్కడే ఉంది. పీర్ టు పీర్‌కు వచ్చిన సీడర్ల కరువు, తనకేమీ పట్టని అపరిచితుల మీద మొత్తం భారం వేసినందువల్ల వచ్చింది. దానికి బ్లాక్‌చెయిన్ అపరిచితులకు కూలి ఇచ్చి మందు వేసింది. అసలు పట్టింపు ఉన్నవాళ్లనే పీర్లుగా కూర్చోబెడితే కూలి అక్కర్లేదు. అయినా బ్లాక్‌చెయిన్ నుంచి తెచ్చుకోవాల్సింది ఒకటి ఉంది, కాలముద్ర. ఈ ఫైలు ఫలానా రోజుకే ఇదే రూపంలో ఉందన్న రుజువు. దానికి కూడా నాణెం అవసరం లేదని చూపినవాళ్లు బిట్‌కాయిన్ కన్నా ముందే ఉన్నారు. హేబర్, స్టోర్నెట్టా 1991లో ఈ గొలుసు పద్ధతిని ప్రతిపాదించారు. వాళ్ల సంస్థ ష్యూరిటీ 1995 నుంచి వారం వారం ఒక వేలిముద్రను న్యూయార్క్ టైమ్స్ వర్గీకృత ప్రకటనల్లో అచ్చు వేయించింది. ఊరంతా పంచిన పత్రికను వెనక్కి లాక్కుని దిద్దడం ఎవరివల్లా కాదు కదా! బిట్‌కాయిన్ పత్రం పేర్కొన్న ఎనిమిది మూలాల్లో మూడు వీళ్ల రచనలే.

పల్నాడుకు దీన్ని అన్వయిస్తే పని చిన్నదే. మంచి నాణ్యతతో, కుదించకుండా రికార్డు చేసిన గంట పాట సుమారు ఒక జీబీ. వెయ్యి గంటల గానం దాదాపుగా ఒక టీబీ డిస్కులో, అరచేతిలో పడుతుంది. ఆ డిస్కు కారంపూడిలో ఒకటి, మాచర్ల, గురజాల, నరసరావుపేటల్లో గ్రంథాలయానికో కాలేజీకో ఒకటి, నాగార్జున విశ్వవిద్యాలయంలో ఒకటి, డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పల్నాటివాళ్ల ఇళ్లలో ఇంకొన్ని, వెరసి పది అనుకుందాం. టొరెంటు సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ పది యంత్రాలూ ఒకదానికొకటి సీడర్లు. ఒకటి కాలిపోతే తొమ్మిది దాన్ని తిరిగి నింపుతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ పెడదాం, అది పదకొండో ప్రతి. ఏటా ఉత్సవాల సమయంలో కొత్త రికార్డింగులన్నిటికీ కలిపి తీసిన వేలిముద్ర 64 అక్షరాలు, అంతే. కరపత్రం అడుగున ఒక వరుస, ఏదైనా దినపత్రిక వర్గీకృతాల్లో ఒక పెట్టె సరిపోతాయి. ఎవరికైనా దాన్ని బిట్‌కాయిన్ గొలుసులో కూడా గుచ్చాలని సరదా ఉంటే ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ లాంటి ఉచిత పద్ధతులున్నాయి, అభ్యంతరం లేదు.

పాట తెలిసినవాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. ఒక్క అక్షరం తేడా వచ్చినా అబద్ధమనే యంత్రానికి, ఏ రెండు రాత్రులూ ఒకేలా పాడని కథను అప్పగించడమేమిటి? పాడే ఊరిని బట్టి, వినేవాళ్లను బట్టి, బ్రహ్మనాయుడు ఎక్కడ పెరుగుతాడో నాగమ్మ ఎక్కడ గెలుస్తుందో మారుతుంటుంది. మార్పే దాని ప్రాణం. ఒప్పుకోవాల్సిందే. వేలిముద్ర కాపాడేది ఒక గాయకుడు ఒక రాత్రి పాడిన పాటను, పల్నాటి కథను కాదు. అందుకే ఒక ప్రామాణిక ప్రతిని ఎంచి మిగతావాటిని పాఠాంతరాలుగా కిందకు నెట్టే అచ్చు కాలపు అలవాటు ఇక్కడ పనికిరాదు. ఫైళ్ల పంపకంలో ఉన్న మేలు అదే, ఇరవైమంది పాడిన ఇరవై కథలు పక్కపక్కన సమానంగా ఉండవచ్చు. కానీ యువకులు పాడటం నేర్చుకోకపోతే ఈ ఇరవై ఫైళ్లు ఇరవై శాసనాలవుతాయి. నేర్పే గురువుకు నెలవారీ భృతి ఇవ్వడం డిస్కులు కొనడం కన్నా ముందు జరగాల్సిన పని, ఖర్చూ దానిదే ఎక్కువ.

ఇంకో అభ్యంతరం నాకు అన్నిటికన్నా బరువైనది. టొరెంటు గానీ బ్లాక్‌చెయిన్ గానీ, ఒకసారి బయటికెళ్లింది తిరిగిరాదు. వీరాచారంలో బయటివాళ్ల ముందు పాడనివి, ఆయుధం ముందు మాత్రమే పలికేవి ఉండవచ్చు. వాటిని రహస్యంగా ఫోనులో పట్టి లోకానికి పంచితే పెడన సీడీకీ దానికీ తేడా లేదు. చట్టం గాయకుడి పక్షాన ఉంది. కాపీరైట్ చట్టం 38వ సెక్షను ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. 2012 సవరణ తర్వాత తన పేరు చెప్పించుకునే హక్కు, తన పాటను వక్రీకరించకుండా ఆపే హక్కు కూడా చేరాయి. ఆచరణలో మాత్రం జానపద కళాకారుడు సంతకం పెట్టేది, పెడితే గిడితే, పారితోషికం అందినట్టు రాసిన రసీదు మీదే. కాబట్టి రికార్డింగుకు ముందే తెలుగులో, చదివి వినిపించి, ఒక కాగితం రాసుకోవాలి. ఏది అందరికీ, ఏది పల్నాటి గ్రంథాలయాల మధ్య మాత్రమే, ఏది అసలు రికార్డే చేయకూడదో అందులో ఉండాలి. డబ్బు వస్తే ఎవరికి ఎంతో కూడా. టొరెంటులో మొదటి ఫైలు ఆ కాగితం స్కానే కావాలి. కరపత్రం అడుగున పాట వేలిముద్ర పక్కన దాని వేలిముద్రా, గాయకుడి పేరూ అచ్చవ్వాలి.